నడిరోడ్డు మీద ప్రార్థనామందిరం

ఆదివారం పొద్దున న్యూజీలాండ్‌లో, టౌరంగాలో మా ఇంటి వెనక గదిలో గంజి పెట్టిన వెంకటగిరి చీర ఇస్త్రీ చేసుకుంటున్నాను. నీళ్ళు చిలకరించి ఇస్త్రీపెట్టె ఆనించగానే వేడి గంజి వాసన ఆవిరితో కలిసి మొహానికి తగిలింది. ఈ ఊళ్ళో చీరకు గంజి పెట్టేవాళ్ళు ఎవరూ ఉండరు. మా అమ్మాయి ఆ వాసన వస్తే కిటికీ తెరుస్తుంది. నేను మాత్రం ఆ పని మానలేదు. ఆ వాసనకు ఎవరికైనా అమ్మ గుర్తుకు రావాలి. నాకు గ్రేమ్ గారు గుర్తుకొస్తారు. ఆరడుగుల మనిషి, కాస్త వంగిన వీపు, మోచేతుల దగ్గర అతుకులు వేసిన ఊలు స్వెట్టరు, జేబులో ఎప్పుడూ ఒక ఆపిల్ పండు. ఆయన్ని నేను ఎరిగింది మూడేళ్ళే. అయినా నేను ఇవాళ పని చేసే తీరు, మాట్లాడే తీరు కూడా చాలావరకు ఆయన దగ్గర నేర్చుకున్నవే.

అది రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులు. మా ఆయన ప్రసాద్‌కు న్యూజీలాండ్ దక్షిణ ద్వీపంలో ఒక చిన్న రేవు నగరంలో కంప్యూటర్ ఉద్యోగం వచ్చింది. ఆ నగరం చుట్టూ కొండలు, మధ్యలోకి చొచ్చుకొచ్చిన సముద్రం. పొద్దున పది దాకా పొగమంచు వీధుల్లో పడుకుని ఉండేది. నేను కడపలో సివిల్ డిప్లొమా చేసి, సర్వే ఆఫీసులో నాలుగేళ్ళు కాంట్రాక్టు మీద పటాలు గీశాను. అక్కడి నగర కౌన్సిల్ వాళ్ళు పాత సర్వే పటాలను కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి మనుషులు కావాలంటే దరఖాస్తు పెట్టాను. భూమి కింద, కిటికీలు లేని పెద్ద గదిలో పని. ఆ గదికి పెద్ద గ్రేమ్ గారు. అక్కడి పటాలన్నీ నూరేళ్ళు పైబడినవి, గంజి పట్టించి గాజులా నునుపు చేసిన గుడ్డ మీద గీసినవి. అరలు లాగగానే గదంతా ఇస్త్రీ బట్టల వాసన వచ్చేది.

మొదటి రోజు నేను ఒక పటం మీద చెయ్యి వేయబోతుంటే ఆయన, "చేతులు కడుక్కున్నావా?" అని అడిగారు. నా మొహం మాడిపోయింది. పొద్దున తిన్న ఊరగాయ వాసన వచ్చిందేమో, మన తిండి అంటే వీళ్ళకు చిన్నచూపేమో అనుకుని లోపల రగిలిపోతూ వెళ్ళి కడుక్కున్నాను. తిరిగి వచ్చేసరికి ఆయన కూడా కడుక్కుని, ఒక్కో వేలూ విడిగా తుడుచుకుంటున్నారు. "తడి కూడా ఉండకూడదు" అన్నారు. "ఒక్క చుక్క పడినా గంజి కరిగిపోతుంది. తెల్ల మచ్చ మిగులుతుంది. ఇక అక్కడ ఏముండేదో ఎవరూ చెప్పలేరు." ఆయన ఇంగ్లీషులోనే మాట్లాడేవారు. ఇన్నేళ్ళ తర్వాత నాకు ఆ మాటలు తెలుగులోనే వినిపిస్తాయి.

ఆ మధ్యాహ్నమే ఒక పటం పరిచి, ఒక అంకె మీద వేలు పెట్టి, "ఇదేమిటో తెలుసా?" అన్నారు. తెలియదనుకునే అడిగారు. "మూడు గొలుసుల నలభై లింకులు" అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి నా వంక చూశారు. గొలుసుకు నూరు లింకులు, అరవై ఆరు అడుగులు, మా కడపలో పాత పటాలన్నీ ఈ కొలతలోనే ఉంటాయని చెప్పాను. ఆయన మొహమంతా విప్పారింది. "అయితే ఒకే గొలుసుతో మీ ఊరినీ మా ఊరినీ కొలిచారన్నమాట" అని, జేబులో ఆపిల్ తీసి, చిన్న చాకుతో రెండు ముక్కలు చేసి, అడగకుండానే ఒక ముక్క నా చేతిలో పెట్టారు. ఆ దేశంలో నన్ను గుర్తుపట్టిన మనిషి ఒకరు దొరికారని ఆ రోజు అనిపించింది.

ఎస్తేర్ గారు మా ఆఫీసుకు వచ్చింది జూన్‌లో. అక్కడ అది నడి చలికాలం. ఎనభై దాటిన చిన్న మనిషి, ఎర్ర టోపీ, తడిసిన వానకోటు. ఎస్తేర్ అన్న పేరు నాకు కొత్త కాదు. కడపలో మా వీధి నర్సమ్మ పేరు అదే. అందుకని ఆమె కూడా క్రైస్తవురాలే అనుకున్నాను. "కాదమ్మాయ్, ఆ పేరు ముందు మాది" అని నవ్వారు. ఆమె యూదు మనిషి. ఒకప్పుడు బంగారం కోసం వచ్చిన జనంతో పాటు యూదులు కూడా ఆ రేవులో దిగి, అంగళ్ళు పెట్టుకుని, ఒక ప్రార్థనామందిరం కట్టుకున్నారట. దాన్ని వాళ్ళు సినగాగ్ అంటారు. తర్వాత ఒక్కో కుటుంబం పెద్ద నగరాలకు వెళ్ళిపోయింది. ప్రార్థనకు కావలసినంత మంది మిగల్లేదు. మందిరం అమ్మేశారు, కొన్నాళ్ళు తెరచాపలు దాచే కొట్టంగా వాడారు, ఆ తర్వాత కూల్చేశారు. ఎస్తేర్ గారి కుటుంబం వెళ్ళిపోయేనాటికి ఆమెకు ఏడేళ్ళు. ముసలితనంలో ఒంటరిగా పుట్టిన ఊరికి తిరిగి వచ్చి, కొండ మీద చిన్న ఇంట్లో ఉంటున్నారు. మందిరం ఎక్కడ ఉండేదో ఆ ఊళ్ళో ఒక్కరికీ తెలియదు.

"ఆ చోటు చూపిస్తారా?" అని అడిగారు. "నా కళ్ళు పోతున్నాయి. మధ్యలో చూపు చెరిగిపోతోంది, అంచుల్లో మాత్రం మిగిలింది. వచ్చే చలికాలానికి అదీ ఉండదని డాక్టర్ అన్నాడు. మా నాన్న చెయ్యి పట్టుకుని నడిచిన చోటు అది. ఒకసారి అక్కడ నిలబడి చూడాలి."

గ్రేమ్ గారు ఆమెను కూర్చోబెట్టి, టీ ఇచ్చి, గుర్తున్నవన్నీ చెప్పమన్నారు. నేను రాసుకున్నాను. ఆమె చెబుతుంటే కళ్ళు మా మీద కాక కాస్త పక్కకు, గోడ వైపు నిలిచేవి. అలా చూస్తేనే మేము కనిపిస్తామట. గుండ్రటి రంగు అద్దం గుర్తుందన్నారు. ప్రార్థన సాగుతుంటే అందులోంచి పడిన నీలం వెలుగు మెల్లగా జరుగుతూ వచ్చి ఆమె బూటు మీద ఆగేదట. ఆడవాళ్ళు పైఅంతస్తు వసారాలో కూర్చునేవారు. కింద నాన్న దగ్గర విసుగు పుడితే అమ్మ దగ్గరకు మెట్లెక్కి వెళ్ళేదాన్నని, మెట్ల మలుపులో ఒక సన్నని కిటికీ ఉండేదని, ఒకసారి అందులోంచి ఓడ స్తంభం ఒకటి, ఇళ్ళ మధ్య నుంచి, చప్పుడు లేకుండా నడిచి వెళ్ళడం చూశానని అన్నారు. "సముద్రం కనిపించలేదు. ఓడ కూడా కనిపించలేదు. స్తంభం ఒక్కటే, చెట్టు నడుస్తున్నట్టు." ఆ మాట విన్నాక ఆ రోజంతా నాకు కూడా ఆ స్తంభం కళ్ళ ముందు కదులుతూనే ఉంది.

వెతుకులాట మా మామూలు పని మధ్యలోనే సాగింది. పాత వీధుల జాబితాల్లో మందిరం పేరు దొరికింది కానీ ఇంటి నంబర్లు తర్వాత మార్చేశారు. వీధి పేరు కూడా మారింది. ఒక్కో సాయంత్రం ఇంటికి నడుస్తుంటే పొగమంచులో ప్రతి భవనం వెనకా ఇంకో భవనం నిలబడి ఉన్నట్టు అనిపించేది. ఆగస్టులో గ్రేమ్ గారికి మోకాలి ఆపరేషన్ అయింది. ఆరు వారాలు సెలవు. ఆ ఆరు వారాల్లోనే నాకు అది దొరికింది. ఒక పాత పటం మూలన, వేలిగోరంత పెట్టె, లోపల సన్నని అక్షరాల్లో "సినగాగ్" అని. పక్కనే వీధి మూల నుంచి దూరం: ఒక గొలుసు ఇరవై లింకులు. ఆ గదిలో నేను ఒక్కదాన్నే ఉన్నాను. గట్టిగా అరవాలనిపించి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను.

ఆ మధ్యాహ్నమే టేపు పట్టుకుని వెళ్ళి వీధి మూల నుంచి కొలిచాను. ఆ కొలత టైర్ల దుకాణం వెనక కార్లు నిలిపే ఖాళీ స్థలంలో ఆగింది. ఒక పక్క ఎత్తయిన కాంక్రీటు గోడ, ఇంకో పక్క కౌహై అనే ఆ దేశపు పూల చెట్టు. సెప్టెంబర్ రోజులు, కొమ్మల నిండా పసుపు పూలు వేలాడుతున్నాయి. ప్రార్థన జరిగిన చోటు ఇలాగే ఉండాలి అనిపించింది. గ్రేమ్ గారు వచ్చేదాకా ఆగుదామన్న ఆలోచన రాకపోలేదు. కానీ ఆమె కళ్ళు ఆగవు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. అసలు సంగతి వేరు. ఆ వార్త చెప్పే మనిషిని నేనే కావాలనుకున్నాను.

ఎస్తేర్ గారిని టాక్సీలో తీసుకువెళ్ళాను. ఆమె చెట్టు కింద నిలబడి, టోపీ సర్దుకుని, చాలాసేపు తమ భాషలో ఏదో మెల్లగా చదువుకున్నారు. పూలు రాలి ఆమె భుజాల మీద పడుతున్నాయి. చివర్లో ఇంగ్లీషులో, "నాన్నా, వచ్చాను" అన్నారు. తర్వాత గోడ వైపు మొహం తిప్పి, "ఇటు సముద్రం ఉండాలే" అన్నారు. గోడ కొత్తదయి ఉంటుందని అన్నాను. ఆమె తల ఊపి, తడిమి నా చెంప పట్టుకుని, "నువ్వు చల్లగా ఉండాలి" అన్నారు. ఆ రాత్రి నాకు ఒక పట్టాన నిద్ర పట్టలేదు, అంత సంతోషం. "సాధించినావు పో, మీ ఆఫీసులో ఎవరికీ చేతకాంది" అని ప్రసాద్ కూడా మురిసిపోయాడు. ఆమె ఆ తర్వాత ప్రతి శుక్రవారం ఒక్కతే టాక్సీలో అక్కడికి వెళ్ళి వచ్చేవారని విన్నాను.

గ్రేమ్ గారు చేతికర్రతో తిరిగి వచ్చిన రోజున, కోటు విప్పక ముందే పటం ఆయన ముందు పరిచాను. ఆయన వంగి, భూతద్దం పెట్టి చూసి, "బాగా పట్టుకున్నావు" అన్నారు. తర్వాత భూతద్దాన్ని వీధి మూల మీదకు జరిపారు.

"ఏ మూల నుంచి కొలిచావు?"

"వీధి మూల నుంచే."

"ఇప్పుడున్న మూలా?"

ఆయన ఇంకో అర లాగి, ఇంకో పటం తీసి పరిచారు. ట్రాము మలుపు తిరగడం కోసం ఒకప్పుడు ఆ మూలనున్న ఇళ్ళన్నీ తీసేసి రోడ్డు వెడల్పు చేశారు. పాత మూల ఇప్పుడు రోడ్డు కిందకు పోయింది. నేను కొలిచింది నిన్నగాక మొన్న పుట్టిన మూల నుంచి. కడపలో మొదటి నెలలోనే నేర్పిన పాఠం అది. మూల నిజమైనదో కాదో చూసుకోకుండా గొలుసు వేయకూడదు.

మధ్యాహ్నం సన్నని జల్లు పడుతుంటే ఇద్దరం వెళ్ళాం. కొత్త మోకాలితో ఆయన నడక నెమ్మదిగా ఉంది. కాలిబాట అంచున ఒక చిన్న ఇనుప మూత తెరిచి, మట్టి తవ్వి, పాత సర్వేయర్లు పాతిన గొట్టాన్ని చూపించారు. అది కదలలేదు. అక్కడి నుంచి కొలుచుకుంటూ వచ్చాం. ప్రార్థనామందిరం సగం కాలిబాట మీద పడింది, ఒక డెయిరీ ముందు. డెయిరీ అంటే ఇక్కడ పాలు, రొట్టె, పేపర్లు అమ్మే మూల దుకాణం. మిగతా సగం నడిరోడ్డు మీద, బస్సులు మలుపు తిరిగే చోట. చెట్టు లేదు, పూలు లేవు. నేను చూపించిన చోటికీ దీనికీ దాదాపు ఒక గొలుసు దూరం తేడా.

కారులో కూర్చున్నాక అద్దాల మీద వాన నీళ్ళు జారుతున్నాయి. "ఆమెకు చెప్పొద్దు" అన్నాను. "ఆమె వాళ్ళ నాన్నతో అక్కడ మాట్లాడారు. ప్రతి వారం వెళ్తున్నారు. ఇరవై మీటర్లకు ఏమవుతుంది? చూపు కూడా సరిగా లేదు. ఆవిడకు తెలియదు."

"నీకు తెలుసు" అన్నారాయన. అందులో కోపం లేదు. తన సంగతి చెప్పడం మొదలుపెట్టారు. వయసులో ఉండగా ఆయన ఒక లోయలో పొలాలు కొలుస్తున్నారట. ఆ దేశపు మూలవాసులైన మావోరీల ముసలమ్మ ఒకామె వచ్చి, అదిగో ఆ మిట్ట మీద మా పెద్దల సమాధులు ఉన్నాయి, పటంలో రాసుకో అన్నదట. పైకి ఏ గుర్తూ లేదు, కొలవడానికి ఏమీ లేదు. ఈయన రాసుకోలేదు. కొన్నేళ్ళకు వేరేవాళ్ళు ఆ పటం చూసుకుని, అక్కడేమీ లేదనుకుని కాలువ తవ్వారు. ఎముకలు బయటపడ్డాయి.

"అప్పుడు మీరేం చేశారు?"

"వెళ్ళాను. ఆమె గుమ్మం ముందు నిలబడ్డాను. ఏం చెప్పాలో తెలియలేదు, నాది తప్పు అన్నాను. ఆమె తలుపు వేసింది. మర్నాడు మళ్ళీ వెళ్ళాను. ఎన్నోసారికో కూర్చోమంది." ఆయన కారు తాళం తిప్పారు. "కొలిచింది నిండు గీత. మనిషి చెప్పింది చుక్కల గీత. రెండింటికీ పటంలో చోటుంది. లేనిదల్లా మనకు ఇష్టమైన గీతకే. ఆమెకు చెప్పాలా వద్దా అన్నది నీ ఇష్టం, నేను చెప్పను. చెప్పేటట్టయితే ఫోన్ చేయకు. మంచి వార్త ఎదురుగా నిలబడి చెప్పావు. ఇది కూడా అలాగే చెప్పు."

ఇంట్లో చెబితే ప్రసాద్ తల పట్టుకున్నాడు. "చెప్పేసినావు గదా, ఆమె సంతోషంగా ఉంది గదా. పెద్దామెను మళ్ళా ఏడిపించేదానికి పోతావా?" అన్నాడు. నాకు కూడా అదే న్యాయంగా తోచింది. రెండు రోజులు ఆ న్యాయంతోనే గడిపాను. మూడో రోజు గురువారం. రేపు ఆమె టాక్సీ పిలిపించుకుని టైర్ల దుకాణం వెనక్కి వెళ్తారు, గోడకు మొహం పెట్టి నిలబడతారు అన్న ఊహ వచ్చింది. ఆఫీసు నుంచి నేరుగా కొండెక్కాను.

ఆమె నా అడుగుల చప్పుడుకే గుర్తుపట్టి, "సుజాతా!" అని సంబరంగా తలుపు తీశారు. బిస్కట్ల డబ్బా ముందు పెట్టారు. నేను కూర్చోకుండానే చెప్పేశాను. చోటు అది కాదని, తొందరపడ్డానని, తప్పు పూర్తిగా నాదేనని. ఆమె చేతులు ఒడిలో అలాగే ఉండిపోయాయి.

"నేను మా నాన్నకు చెప్పుకోవలసినవన్నీ అక్కడ చెప్పుకున్నాను" అన్నారు చివరికి. "డెబ్భై ఏళ్ళు దాచుకున్నవి. ఎవరికి చెప్పానంటావు? టైర్లకా?"

ఆమె తడిమి బిస్కట్ల డబ్బాకు మూత పెట్టేశారు.

"వెళ్ళమ్మాయ్" అన్నారు.

మెట్లు దిగుతుంటే కళ్ళ నీళ్ళకు దారి కనిపించలేదు. మర్నాడు గ్రేమ్ గారికి చెప్పాను. ఆయన ఓదార్చలేదు, మెచ్చుకోలేదు. ఆపిల్ రెండు ముక్కలు చేసి ఒకటి నా ముందు పెట్టారు. నేను తినలేకపోయాను. "మళ్ళీ వెళ్ళు" అన్నారు. వెళ్ళాను. తలుపు తెరుచుకోలేదు. సోమవారం ఇంకోసారి వెళ్ళాను. లోపల రేడియో వినిపిస్తోంది కానీ ఎవరూ పలకలేదు. బుధవారం ఆమే ఆఫీసుకు ఫోన్ చేశారు. "సరే, అసలు చోటు చూపించు" అన్నారు. ఇంకో మాట లేదు.

ఆదివారం తెల్లవారి ఏడు గంటలకు, వీధుల్లో బండ్లు లేని వేళ, వెళ్ళాం. పొగమంచు ఇంకా విడలేదు. గ్రేమ్ గారు నారింజ రంగు కోటు వేసుకుని, రోడ్డు మలుపుకు అటూ ఇటూ బండ్లను ఆపే ఎర్ర ప్లాస్టిక్ శంకులు పెట్టారు. మోకాలి నొప్పిని పళ్ళ బిగువున ఓర్చుకుంటూ వంగి, నీలం సుద్దతో నేల మీద మందిరం గోడలు గీశారు. నేను టేపు పట్టుకున్నాను. నలభై ఐదు లింకులు అటు, అరవై లింకులు ఇటు. గీత కాలిబాట ఎక్కి, డెయిరీ ముందున్న పేపర్ల బోర్డు పక్కగా తిరిగి, మళ్ళీ రోడ్డు మీదకు దిగింది. తలుపు ఉన్నచోట గీత తెంచి ఖాళీ వదిలారు.

ఎస్తేర్ గారు కారు దిగి, నా చెయ్యి పట్టుకోకుండా, ఆ ఖాళీలోంచి లోపలికి అడుగు పెట్టారు. సుద్ద గీత ఆమెకు కనిపించిందో లేదో తెలియదు. నాలుగు అడుగులు వేసి ఆగారు. "నాన్న ఇక్కడ" అన్నారు. ఇంకో రెండు అడుగులు కుడికి వేసి, "వెలుగు ఇక్కడ పడేది" అన్నారు. తర్వాత మూలకు వెళ్ళి, ఒక చెయ్యి గాలిలో మెట్ల కమ్మీ పట్టుకున్నట్టు పెట్టి, "మెట్లు ఇవి" అన్నారు. అక్కడ ఒళ్ళు కాస్త తిప్పి, తల ఎత్తి, అలవాటు ప్రకారం నేరుగా కాక ఒక పక్కకు చూశారు. అలాగే ఉండిపోయారు.

నేను ఆమె వెనక నుంచి చూశాను. ఆ మూల నుంచి వీధి దిగువకు, రెండు పాత ఇటుక భవనాల మధ్య సన్నని సందు. ఆ సందు చివర, పొగమంచు పలచబడిన చోట, రేవు. సముద్రం కనిపించడం లేదు. ఓడ కూడా కనిపించడం లేదు. కట్టి ఉంచిన ఏదో పడవ స్తంభం ఒకటి, బూడిద రంగులో, మెల్లగా అటూ ఇటూ ఊగుతోంది.

"ఉంది" అన్నారామె. గొంతు చిన్నపిల్ల గొంతులా ఉంది. "సుజాతా, ఉంది. అక్కడ గోడకు మొహం పెట్టి నిలబడ్డప్పుడల్లా అనుకున్నాను, ఓడ సంగతి నేను కల్పించుకున్నానేమోనని. మందిరం, నాన్న, అన్నీ కల్పించుకున్నానేమోనని. ఎవరినడగను? అందరూ పోయారు. నెల రోజులుగా నన్ను నేనే నమ్మలేదు."

అప్పుడు తెలిసింది నాకు, నేను చేసిన పని ఎంతటిదో. నేను ఇచ్చాననుకున్న సంతోషం ఆమె జ్ఞాపకాన్ని లోలోపల తినేస్తూ వచ్చింది. నేను చెప్పకుండా ఉండి ఉంటే ఆమె ఆ స్తంభాన్ని అబద్ధమనుకునే కళ్ళు మూసేవారు.

ఆమె చదవడం మొదలుపెట్టారు. అంతలో మొదటి బస్సు మలుపు దగ్గరకు వచ్చింది. గ్రేమ్ గారు రోడ్డు మధ్య నిలబడి చెయ్యి ఎత్తారు. డ్రైవరు, సమోవా దీవుల నుంచి వచ్చిన లావుపాటి ఆవిడ, కిటికీలోంచి తల బయటపెట్టి, "ఏమైంది?" అని అడిగింది. "ప్రార్థన" అన్నారు గ్రేమ్ గారు. ఆమె చూసింది. నడిరోడ్డు మీద సుద్ద గీతల మధ్య ఎర్ర టోపీ పెట్టుకున్న ఒక ముసలావిడ పెదవులు కదుపుతోంది. డ్రైవరు ఇంజను ఆపేసింది. వీధి మొత్తం నిశ్శబ్దమైపోయింది. అయిదు నిమిషాలు ఆ నగరంలో మళ్ళీ సినగాగ్ ఉంది. మధ్యాహ్నం వాన వచ్చి సుద్ద కొట్టుకుపోయింది.

తిరిగి వెళ్ళేటప్పుడు ఎస్తేర్ గారు కారులో నా చెయ్యి పట్టుకున్నారు. క్షమించానని అనలేదు. "గురువారాలు ఖాళీయేనా? ఉత్తరాలు చదివిపెట్టేవాళ్ళు కావాలి" అన్నారు. రెండేళ్ళు ప్రతి గురువారం వెళ్ళాను. చూపు పూర్తిగా పోయాక కూడా, నేను తలుపు తట్టక ముందే లేచి వచ్చేవారు. ఆమె పోయాక బంధువులు వచ్చి, ఉత్తర ద్వీపంలో ఆమె తండ్రి పక్కన చోటుంటే అక్కడికి తీసుకువెళ్ళారు.

ఆ ఏడాదే గ్రేమ్ గారు రిటైరయ్యారు, మేము టౌరంగా వచ్చేశాం. ఉద్యోగంలో చివరి వారం ఆయన నన్ను పిలిచి, కౌన్సిల్ కోసం గీసిన కొత్త పటం చూపించారు. మందిరం గోడలు నిండు గీతలో ఉన్నాయి. మూల నుంచి రేవు వైపు ఒక చుక్కల గీత. దాని పక్కన ఆయన చేతిరాత: "మెట్ల మలుపు కిటికీ నుంచి ఓడ స్తంభం కనిపించేది. ఎస్తేర్ చెప్పినది." కొన్నేళ్ళకు ఆయన కూతురు ఉత్తరం రాసింది, నాన్న వెళ్ళిపోయారని, తోటలో ఆపిల్ చెట్టు కింద కూర్చుని ఉండగా అని. ఆ రోజు నేను ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు. చెబితే ఎవరాయన అని అడుగుతారు. ఏమని చెప్పను, బాస్ అనా? ఆ మాట సరిపోదు.

నేను ఇప్పుడు ఇక్కడ ఇళ్ళ హద్దులు చూసిపెట్టే పని చేస్తున్నాను. పోయిన నెల గుంటూరు నుంచి వచ్చిన ఒక కొత్త జంట మొదటి ఇల్లు కొనుక్కోబోతూ నన్ను పిలిచారు. పెరట్లో నిమ్మచెట్టు తమ హద్దులోకే వస్తుందా అని ఆ అమ్మాయి ఆశగా అడిగింది. ఆమె కడుపుతో ఉంది. నిమ్మకాయలు చేతికందేలా వేలాడుతున్నాయి. కాగితం చూసి, వస్తుందమ్మా అన్నాను. ఇద్దరూ గంతులేసినంత పని చేశారు. ఇంటికొచ్చి పాత పటంతో సరిచూసుకుంటే చెట్టు పక్కవాళ్ళది.

"ఫోన్ చేసి చెప్పరాదా, వానలో అంత దూరం డ్రైవ్ చేసుకుంటా పోవాల్నా?" అన్నాడు ప్రసాద్. అప్పటికే నేను చెప్పులేసుకుంటున్నాను. అతను నా మొహం చూసి, ఇంకేమీ అనకుండా గొడుగు తెచ్చి ఇచ్చాడు.

ఆ అమ్మాయి నన్ను చూడగానే నవ్వుతూ తలుపు తీసింది. ఆ నవ్వు చూశాక వెనక్కి తిరిగి వెళ్ళిపోవాలనిపించింది. వయసు పెరిగినా ఆ క్షణం సులువు కాలేదు, ఇక కాదు కూడా. గుమ్మం ముందే నిలబడి, గొడుగు ముడిచి, "పొద్దున నేను చెప్పింది తప్పమ్మా" అన్నాను.

ఆమె నవ్వు ఆగింది. పెరటి వైపు ఒకసారి చూసింది. తర్వాత తలుపు ఇంకాస్త బార్లా తీసి, "ముందు లోపలికి రండాంటీ, తడిసిపోతున్నారు" అంది.